మా అక్క ఇంగ్లీషు టీచరు

మా అక్క నాకన్నా 9 ఏళ్లు పెద్దది. ఒకటి నుంచి పది దాకా మన బడిలోనే తెలుగు మీడియంలో చదివింది. పాత టీచర్లకి గుర్తుండే ఉంటుంది, ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చెప్పించేది. ఇప్పుడు థాయిలాండులో చిన్నపిల్లలకి ఇంగ్లీషు చెప్తాంది. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. "తెలుగు మీడియం పిల్ల ఫారిన్ పోయి ఇంగ్లీషు చెప్పేదా?" అని మా వీధిలో ఒకాయన నాయన మొహం మీదే అన్నాడు. నిజం చెప్పాలంటే మొదట నేను కూడా నవ్వినదాన్నే.

మాది హోసూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం, బస్సెక్కి అత్తిబెలె దాటితే కన్నడం. ఇన్ని భాషలు నోట్లో తిరుగుతున్నా ఇంగ్లీషు మాత్రం పుస్తకంలోనే ఉండేది. అక్క పది పాసై ఇంగ్లీషు మీడియంలో చేరినప్పుడు మొదటి నెలంతా ఏడ్చిందని అమ్మ చెప్తుంది. తరవాత కాలేజీలో ఒకసారి క్లాసులో నిలబడి చదువుతూ "బస్సు", "కప్పు", "బుక్కు" అన్నదంట. "మీ తెలుగువాళ్లకి ప్రతి మాటకీ ఒక తోక ఉండాల్సిందే" అని పాఠం చెప్పే ఆయన అంటే క్లాసంతా నవ్విందంట. ఆయన అన్నది తప్పని కాదు. మన భాషలో మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయని మనం వ్యాకరణంలో చదువుకున్నాం కదా. కానీ ఆ రోజు నుంచి అక్క రాత్రిపూట దుప్పటి కప్పుకుని ఆ తోకలు కోసుకునేది. పక్కన పడుకునేదాన్ని కాబట్టి నాకు తెలుసు. "బస్, బస్, బస్" అని గొణుగుతుంటే అవ్వ లేచి, "ఈ రాత్రప్పుడు యాడికే బస్సు?" అని అడిగేది.

బి.ఏ. ఇంగ్లీషు అయింది, బి.ఎడ్. అయింది. ఒక ఏడాది ప్రైవేటు బడిలో చెప్పింది. ఆ జీతం బస్సు ఛార్జీలకీ చీరలకీ సరిపోయేది. అప్పుడు అక్కతో చదువుకున్న ఒకామె థాయిలాండు పోయి ఫోను చేసింది. అక్కడి బళ్లలో ఇంగ్లీషు టీచర్లు కావాలంట, ఫిలిప్పీన్స్ నుంచి చాలామంది వస్తారంట, మనవాళ్లు కూడా ఉన్నారంట. అక్క ఆ రాత్రి సంగటి సరిగ్గా తినలేదు.

నాయన ఒప్పుకోలేదు. ఆయన పూల బండి నడుపుతాడు, రోజూ రాత్రి రోజాపూలు వేసుకుని బెంగళూరు మార్కెట్టుకి పోతాడు. "పెళ్లి చేయాల్సిన పిల్లని తెలియని దేశానికి పంపితే నలుగురూ నన్నేమంటారు?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. వారం తరవాత కమ్మలు తీసి అక్క చేతిలో పెట్టింది. అవి కుదువ పెట్టిన డబ్బుతోనే పని మొదలైంది.

విమానమెక్కి పోతే చాలనుకున్నాను నేను. అంతకంటే ముందు ఎంత కాగితం ఉందో! వాళ్ల లెక్కలో ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్లంటే ఇంగ్లండు, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా లాంటి దేశాల వాళ్లే. మనవాళ్లు ఇంగ్లీషులో డిగ్రీ చేసినా ఇంకో పరీక్ష రాసి చూపించాలి. దాని పేరు టోయిక్, 990 మార్కులకి. 600 రావాలన్నారు, అక్కకి 845 వచ్చింది. డిగ్రీ కాగితానికి చెన్నైలో ఒక ముద్ర, ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర, దానిపైన థాయ్ రాయబార కార్యాలయం ముద్ర. ఏ కేసులూ లేవని పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీసు సర్టిఫికెట్టు. ఒక్కో ముద్రకీ డబ్బు, ఒక్కో ముద్రకీ ఎదురుచూపు. అమ్మ కమ్మలు ఢిల్లీ చేరకముందే అయిపోయాయి. మిగతాది నాయనే ఇచ్చాడు. ఒప్పుకున్నానని మాత్రం అనలేదు, డబ్బు అలమరలో ఉందన్నాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉద్యోగం చూపిస్తానన్న ఏజెంటు ఒక ఫారం పంపాడు. మాతృభాష అనే గడిలో ఇంగ్లీషు అని రాయమన్నాడు. పది దాకా చదివిన మీడియం కూడా ఇంగ్లీషనే వేయమన్నాడు. "ఇవి ఎవరూ చూడరమ్మా, అందరూ ఇట్లే రాస్తారు" అన్నాడు. బ్రౌజింగ్ సెంటరులో ఫారం ప్రింటు తీసుకుని ఇంటికి వచ్చినాం. నేను "రాసేయక్కా, ఏమైపోతుంది?" అన్నాను. అక్క లోపలికి పోయి చాలాసేపు రాలేదు. తరవాత నన్ను మళ్లీ పంపి ఇంకో ప్రింటు తెప్పించింది, మొదటిది పాడైపోయిందంది. రెండోదాంట్లో మాతృభాష తెలుగు, మీడియం తెలుగు అని రాసి పంపింది. ఆ ఉద్యోగం రాలేదు. దానివల్లే రాలేదో, వేరే కారణమో మాకెవరూ చెప్పలేదు. నాకు మాత్రం అక్క మీద భలే కోపం వచ్చింది. అమ్మ చెవులు చూసినప్పుడల్లా వచ్చేది.

రెండు నెలలకి ఇంకో బడి ఫోనులో ఇంటర్వ్యూ చేసింది. ఫోను పట్టుకుని నిలబడింది నేనే. వాళ్లు "ఒకటో తరగతి పిల్లలకి ఒక పాఠం చెప్పి చూపించు" అన్నారు. పిల్లలెవరూ లేరు కాబట్టి అక్క అవ్వని కూర్చోబెట్టి, వంకాయ చూపించి పర్పుల్ అని చెప్పింది. అవ్వ "పరుపులు" అనింది. అవతల వాళ్లు కూడా నవ్వారు. ఉద్యోగం వచ్చింది.

మే నెల మొదటి వారంలో పోయింది. వాళ్ల బళ్లు మే మధ్యలో తెరుస్తారు. నాయన పూల బండిలోనే విమానాశ్రయం దాకా తీసుకుపోయాడు. దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం "చేరినంక ఫోను చేయి పాపా" అన్నాడు. బెంగళూరు నుంచి బ్యాంకాక్‌కి 4 గంటలు కూడా పట్టదు. మా ఊరి నుంచి చెన్నై పోయేదానికి అంతకంటే ఎక్కువసేపు పడుతుంది. ఈ లెక్క చెప్పే అమ్మని ఓదార్చినాం.

అక్క ఉండేది నఖోన్ రాచసీమా అనే జిల్లా. నగర, రాజ, సీమ అనే మన మాటలే అందులో ఉన్నాయని విని తెలుగు మాస్టారు చాలా సంతోషపడ్డారు. అక్కడ టీచరుని ఖ్రూ అంటారు, అది గురు అనే మాట నుంచి వచ్చిందే. పొద్దున 8 గంటలకి జెండా ఎగరేసి పాట పాడతారు. పిల్లలు ఎదురైతే చేతులు జోడించి తల వంచుతారు. జూన్‌లో ఒక గురువారం గురుపూజ చేశారంట. పిల్లలు గరిక, నూరు వరహాల పూలు, వంకాయ పూలు పెట్టిన పళ్లేలు తెచ్చి టీచర్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నారంట. ఆ ఫొటో చూసి అవ్వ గరికని వెంటనే గుర్తుపట్టింది.

అన్నీ బాగున్నాయని కాదు. అదే బడిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఒకాయనకి నెలకి 35 వేల బాత్‌లు, అక్కకి 22 వేలు. ఒక బాత్ మన రెండు రూపాయల పైమాటే. ఆయనకి బి.ఎడ్. లేదు, అక్కకి ఉంది. వారానికి పీరియడ్లు ఇద్దరికీ 22. అక్క ఇది ఒక్కసారే చెప్పింది, అదీ నేను గుచ్చి అడిగితే. 90 రోజులకి ఒకసారి ఎక్కడ ఉంటున్నదీ ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి తెలియజేయాలి. సంగటి లేదు, పితికిపప్పు లేదు. మొదటి నెల మళ్లీ ఏడ్చిందంట, ఈసారి చూసేదానికి అమ్మ లేదు.

నా సంగతి కూడా చెప్పేస్తాను. ఆగస్టులో బెంగళూరులో మా చిన్నమ్మ కొడుకు పెళ్లికి పోయినాం. అక్కడ నా వయసు పిల్లలు ఏ మీడియం అని అడిగితే ఇంగ్లీషు మీడియం అని చెప్పాను. బడి పేరు అడిగితే లేని పేరు ఒకటి చెప్పాను. ఇంటికి వచ్చినాక నిద్ర పట్టలేదు. అక్కకి ఫోను చేసి చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. అక్క కాసేపు ఊరుకుని, "ఆ ఫారం గుర్తుందా? మొదటిదాంట్లో నేను ఇంగ్లీషనే రాసినా. సంతకం కూడా పెట్టినా. పాడైపోలేదు, నేనే చింపినా" అంది. ఇంకేమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. వచ్చే ఏడాది ప్లస్ వన్‌కి నేను ఇంగ్లీషు మీడియంలో చేరాలి, అక్కడ ఎవరైనా అడిగితే ఏం చెప్తానో నాకే చూడాలని ఉంది.

అక్కడి పిల్లలకి మాట చివర కొన్ని హల్లులు పలకవంట. వాళ్ల భాషలో చివర సకారం ఉండదు, లకారం నకారమైపోతుంది. స్కూల్ అంటే సకూన్ అంటారు, బస్ అంటే బత్ లాగా వినిపిస్తుంది. మనకి తోక ఎక్కువైతే వాళ్లకి తోకే లేదన్నమాట. ఎంత చెప్పినా రాకపోతే ఒకరోజు అక్కకి విసుగొచ్చి "బస్సు" అని మనలాగే చెప్పిందంట. పిల్లలు టక్కున "బస్సు" అన్నారంట! ఇప్పుడు ముందు తోకతో చెప్పించి, తరవాత మెల్లగా తోక తీయిస్తుంది. ఆ క్లాసు రికార్డు చేసి పంపింది. 40 మంది పిల్లలు "బస్సు, కప్పు, ఫిష్షు" అని అరుస్తున్నారు. అవ్వ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "వీళ్లు మన మాదిరే మాట్లాడతాండారు కదే" అనింది. ఆ రికార్డు నాలుగుసార్లు పెట్టించుకుంది.

అక్క కాంట్రాక్టు మార్చితో అయిపోతుంది. ఇంకో ఏడాదికి సంతకం పెట్టేసింది. అమ్మకీ నాకూ తెలుసు, నాయనకి తెలియదు. నాయన ఈ పత్రిక మొదటి పేజీ నుంచి చివరి దాకా చదువుతాడు. అందుకే ఇది మాస్టారుకి ఇచ్చే ముందు అక్కకి ఫోను చేశాను. ఆదివారం నాయన పూల బండి దించి వచ్చినాక చెప్తానంది.