సొంత భాషలో ఇంకోసారి

2017 అక్టోబర్‌లో ట్వైస్ జపాన్‌లో తెచ్చిన మొదటి సొంత సింగిల్ ‘వన్ మోర్ టైమ్’. అంతకుముందు జూన్‌లో వచ్చిన ఆల్బమ్‌లో కొరియన్ హిట్లు, వాటి జపనీస్ రూపాలే ఉన్నాయి. ఇది మాత్రం జపనీస్‌లోనే పుట్టింది. ఓరికాన్ లెక్కల్లో మొదటి వారమే 2 లక్షల కాపీలు దాటింది. ఆ డిసెంబర్ 31న ట్వైస్ ఎన్‌హెచ్‌కే ‘కొహాకు’లో పాడింది. 2011 తర్వాత ఆ వేదికెక్కిన మొదటి కొరియన్ బృందం అదే.

పాటగా ఇది నాకు ‘టీటీ’ అంత ఎక్కలేదు. హుషారు ఎక్కువ, వెంటాడే ట్యూన్ తక్కువ. జపాన్ మార్కెట్ కోసం చేసిన తేలిక సరుకు అనేవాళ్లతో గొడవపడను. కానీ ఆ తూకంలో ఒక సంగతి జారిపోతుంది. తొమ్మిదిమందిలో మోమో, సనా, మీనా జపాన్ వాళ్లు. కొరియన్‌లో పాడి పేరు తెచ్చుకున్నాకే సొంత భాషకి వచ్చారు. తైవాన్ అమ్మాయి జూయీకైతే కొరియన్ కూడా నేర్చుకున్నదే, జపనీస్ దానిమీద ఇంకొకటి.

ఆ రెండు దేశాల మధ్య భాష చిన్న విషయం కాదు. 1910 నుంచి 1945 దాకా కొరియా జపాన్ ఏలుబడిలో ఉంది. జపనీస్ పాటల సీడీల అమ్మకానికి కొరియా తలుపులు తీసింది 2004లో. 2019లో హైసెయ్ శకం ముగుస్తోందని సనా జపనీస్‌లో నాలుగు ముక్కలు రాస్తే కొరియాలో దుమారం రేగింది. పాటలో వ్యాపారమైన భాషే, ఆమె సొంత మాటలో రాజకీయమైంది.

రోజంతా ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడి, ఇంటికి ఫోన్ చేసి “తిన్నావా అమ్మా” అనగానే గొంతు మారిపోయేవాణ్ణి నేను. అందుకే ఈ పాటలో ట్యూన్ కన్నా ఆ ముగ్గురి గొంతులకే ముందు చెవి పెడతాను.