హెడ్‌సెట్టు కొనుటయందొక విచారము

హెడ్‌సెట్టు పెట్టెమీద పెద్దయక్షరములతో ముద్రింపబడు సంఖ్య యొకటి గలదు. 40 మిల్లీమీటర్లనియో, 50 మిల్లీమీటర్లనియో యుండును. అంగడివారు దానినే వ్రేలితో జూపి, పెద్దది గనుక ధ్వని గొప్పగా నుండునని చెప్పుదురు. బియ్యమును తూచి వెలకట్టినట్లు నాదమును మిల్లీమీటర్లతో వెలకట్టవచ్చునా యను సంశయము నాకు కలిగినది. మా యమ్మాయికై కొనవలసివచ్చినప్పుడు దానిని దీర్చుకొనక తప్పినది కాదు.

మా యమ్మాయి కళాశాలనుండి వచ్చి, చదువు ముగించుకొని, రాత్రులు గంటసేపు స్నేహితురాండ్రతో కంప్యూటరుమీద గేము లాడును. బిడ్డ యాడుకొనుట జూచి నొసలు చిట్లించు తల్లిని గాను. అయితే ఒకనాటి రాత్రి పండుకొనబోవుచు, "అమ్మా, చెవులు గుయ్యిమనుచున్నవి" అన్నది. తెల్లవారుసరికి ఆ రొద తగ్గినను నా మనసు కుదుటపడలేదు. చెవుల వైద్యునికి జూపి, లోపమేమియు లేదని వినిన పిమ్మటనే కారణము విచారించితిని. పాత హెడ్‌సెట్టు దిండ్లు చినిగి ధ్వని వెలుపలికి బోవుచున్నందున, ఆటలో ప్రత్యర్థుల యడుగుల చప్పుడు వినబడుటకై అమ్మాయి ధ్వనిని తుదిమెట్టుదాక హెచ్చించుచుండెనట. కావున నాకు గావలసినది గొప్పగా మ్రోగునది గాదు. తక్కువ ధ్వనితోనే తేటగా వినిపించునది.

ఆ సంఖ్య డ్రైవరుయొక్క వెడల్పు. హెడ్‌సెట్టులో ప్రతి చెవిగిన్నెయందును ఒక అయస్కాంతమును, దానిచెంత సన్నని తీగచుట్టయు, చుట్టకు అతికిన పలుచని పొరయు నుండును. తీగలో విద్యుత్తు పారినప్పుడు చుట్ట ముందువెనుకలకు గదలును. పొరయు గదలి గాలిని త్రోయును. ఆ త్రోపే మనకు శబ్దము. 50 మిల్లీమీటర్ల పొర 40 మిల్లీమీటర్లదానికంటె వైశాల్యమున ఇంచుమించు ఒకటిన్నర రెట్లుండును గనుక, ఒకే దూరము కదలినచో అంత యెక్కువ గాలిని త్రోయును. మంద్రధ్వనులకు ఎక్కువ గాలి కదలవలయును. అంగడివారి మాటలో నింతవరకు నిజము గలదు.

కాని, పందిరిలో బెట్టు లౌడుస్పీకరు ఆవరణమంతయు నింపవలయును. హెడ్‌సెట్టు నింపవలసినది చెవిచుట్టునున్న యొక చిన్న చోటు మాత్రమే. ఆ చోటు చక్కగా మూసికొనియున్నచో చిన్న పొరయు జాలును. చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోనును చూడుడు. దాని డ్రైవరు 10 మిల్లీమీటర్లే యైనను, చెవిని బిగువుగా మూసినప్పుడు మంద్రము నిండుగా వినబడును. కొంచెము వదులైనచో అదియే తగరపు డబ్బావలె మ్రోగును. మూత సరిగా లేని పాత్రలో ఆవిరి నిలుచునా?

మా తండ్రిగారు మృదంగము వాయించెడివారు. కచేరీకి బోవుముందు మా యమ్మ రవ్వ తడిపి ముద్దచేసి యిచ్చెడిది. ఆయన దానిని ఎడమవైపు చర్మముపై నంటించెడివారు. అంతవరకు బోలుగా మ్రోగిన యా ముఖము వెంటనే గంభీరముగా పలికెడిది. చర్మపు వెడల్పు మారలేదు, బరువు మారినది. డ్రైవరు సంగతియు నిట్టిదే. పొర దేనితో జేసిరి, ఎంత బిగువుగా నున్నది, గిన్నెలో గాలి పోవు దారులెట్లున్నవి యనువానినిబట్టి నాదము మారును. వెడల్పైన పొర తగినంత గట్టిగా లేనిచో, పైస్థాయి ధ్వనులకు మొత్తముగా నొక్కటిగా గదలక అక్కడక్కడ వంగి ధ్వనిని చెరచును. 1991 లో వెలువడిన సోనీవారి ఎం.డి.ఆర్-7506 యొక్క డ్రైవరు 40 మిల్లీమీటర్లే. రికార్డింగు శాలలలో దానికి మంచి పేరున్నది. 2009 లో వచ్చిన సెన్‌హైజరువారి హెచ్.డి. 800 డ్రైవరు 56 మిల్లీమీటర్లు. అదియు పేరుమోసినదే.

అడుగుల చప్పుడు ఏ దిక్కునుండి వచ్చుచున్నదో తెలిసికొనుటకు పొర పెద్దదై యుండవలెనని మా యమ్మాయి స్నేహితురాండ్రు చెప్పిరట. అది సరికాదు. కుడివైపు పుట్టిన శబ్దము ఎడమ చెవిని సెకనులో వెయ్యవ వంతు కూడ గడువకమునుపే చేరును. తల అడ్డముండుటచే పైస్థాయి ధ్వనులు కొంత తగ్గి చేరును. ఈ రెంటి భేదముచేతనే మనకు ఎడమకుడులు తెలియునని ర్యాలీ ప్రభువు 1907 లోనే వివరించెను. ఆ భేదమును గేమే కల్పించి పంపును. హెడ్‌సెట్టు రెండు చెవులకును సమముగా నందించిన జాలును. పైగా, మంద్రము మితిమీరినచో అడుగుల సవ్వడివంటి సన్నని ధ్వనులను కప్పివేయును. అప్పుడు పిల్లలు ధ్వనిని ఇంకను హెచ్చింతురు. నేను భయపడినది దీనికే.

అంగడిలో రెండింటిని తెప్పించి, ఒకే గేమును ఒకే ధ్వనితో వినుమంటిని. మా యమ్మాయికి కళ్లజోడున్నది. 50 మిల్లీమీటర్లదాని దిండ్లు పలుచగా, గట్టిగా నున్నందున కళ్లజోడు కాడలవద్ద సందు మిగిలి, మంద్రమంతయు అందుండి జారిపోయినది. 40 మిల్లీమీటర్లదాని దిండ్లు మెత్తనివి, దళసరివి. కాడలపై నొదిగి కూర్చున్నవి. అమ్మాయి కన్నులు మూసికొని కొంతసేపు విని, దాని ధ్వనిని తానే రెండు మెట్లు తగ్గించినది! నేను వెంటనే పైకము చెల్లించితిని. "చిన్నది తీసికొనుచున్నారమ్మా" యని అంగడియతడు జాలిపడెను.

పెద్దలు వారమునకు 40 గంటలపాటు వినుటకు 80 డెసిబెళ్లు, పిల్లలు 75 డెసిబెళ్లు దాటరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థవారు చెప్పుచున్నారు. ధ్వని హెచ్చినకొలది కాలము తగ్గవలయును. మా యింట ఇప్పుడు ధ్వని సగముకంటె మీరదు, గంటకంటె ఆట సాగదు. చెవులలో రొద మరల రాలేదు. దిండ్లు మాత్రము వాడుకలో చినుగకమానవు గనుక, అవి వేరుగా దొరకు రకమేదో ముందే యడిగి, రెండవ జతను గూడ కొని బీరువాలో నుంచితిని.