మా డిక్కీ బండి

"సెకండ్ హ్యాండా?" అని అడిగేవాళ్ళు రెండు రకాలు. అడిగి ఊరుకునేవాళ్ళు, అడిగి "ఎంతకు పడ్డది?" అని కూడా అనేవాళ్ళు. మా మిర్యాలగూడలో రెండో రకమే ఎక్కువ కాబట్టి నేనే ముందు చెప్పేస్తున్నా. 2013 మోడల్ డీజిల్ బండి. 2021లో కొన్నాం. 3 లక్షల 70 వేలు. అందులో 2 లక్షలు నేను ఎత్తిన చిట్టీ డబ్బులు. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెప్పానంటే మా ఆడబిడ్డ భర్తలాంటివాళ్ళు "అయ్యో, అది కాదు, ఫలానాది తీసుకోవాల్సింది" అని మొదలుపెడతారు. డిజైర్, అమేజ్, ఎక్సెంట్... ఆ జాతి బండి అనుకోండి. ముందు నుంచి చూస్తే చిన్న కారు, వెనక ఒక పొట్టి డిక్కీ.

ఆ డిక్కీ ఎందుకంత పొట్టిగా ఉంటుందో మా ఆయన చెప్తే తెలిసింది. 2006 బడ్జెట్‌లో చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకం 24 శాతం నుంచి 16 శాతానికి తగ్గించారట. చిన్న కారంటే పొడవు 4 మీటర్లు దాటొద్దు, ఇంజన్ పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ దాటొద్దు. ఇంకేం, డిక్కీ ఉన్న కార్లు తోకలు కత్తిరించుకోవడం మొదలుపెట్టాయి. 2008లో వచ్చిన మొదటి డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు, డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన రెండోది 3995 మిల్లీమీటర్లు, డిక్కీ 316 లీటర్లు. గుడ్డ సరిపోక టైలరు జాకెట్టు చేతులు కురచ చేసినట్టు.

లీటర్ల లెక్క నాకు తెలియదు. నా లెక్కలో అందులో 25 కిలోల బియ్యం సంచులు మూడు, ఒక మడత కుర్చీ, బట్టల బ్యాగు, మధ్యలో ఊరగాయ జాడీ నిలబెట్టేంత సందు. డిక్కీ లేని బండైతే ఇంకో 40 వేలు తగ్గుతుందని మా ఆయన అన్నా నేను ఒప్పుకోలేదు. సామాను సీటు మీదకు రాకూడదు. వెనక సీటు అమ్మ కాళ్ళు చాపుకోవడానికి ఖాళీగా ఉండాలి.

కొనేటప్పటి సంగతి కొంచెం చెప్పాలి, మీలో ఎవరికైనా పనికొస్తుంది. అప్పటికి హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వరదలు పోయి ఏడాది కూడా కాలేదు. కాలనీలకు కాలనీలు మునిగాయి. ఆ నీళ్ళలో నానిన బండ్లన్నీ ఏమై ఉంటాయి? కడిగి, పాలిష్ కొట్టి ఎవరికో ఒకరికి అంటగడతారని నా అనుమానం. మా ఆయన, ఆయన స్నేహితుడు బానెట్ ఎత్తి ఇంజన్ చప్పుడు వింటుంటే నేను వెనక డోరు తీసి తల లోపల పెట్టి వాసన చూశాను. వానాకాలం బియ్యం డబ్బా మూత తీస్తే ఒక ముక్కిన వాసన తగులుతుందే, అది నాకు ఇంజన్ కంటే బాగా తెలుసు. మొదట చూసిన బండి పైకి మెరిసిపోతోంది. సీటు బెల్టు చివరిదాకా లాగితే లోపల మట్టి చార. స్టెప్నీ తీయిస్తే దాని కింద గుంతలో తుప్పు, సన్నటి ఇసుక. "వాషింగ్‌ల నీళ్ళు పోయినయ్ మేడమ్" అన్నాడు అమ్మే అబ్బాయి. "మూత పెట్టెయ్ బాబూ" అన్నాను.

తర్వాత ఢిల్లీ నంబరుది ఒకటి చూపించారు, 50 వేలు తక్కువ. అప్పట్లో అక్కడ పదేళ్ళు దాటిన డీజిల్ బండ్లను తిరగనిచ్చేవాళ్ళు కాదు, అందుకని వయసు దగ్గరపడ్డవి ఇటు వచ్చేవి. బండి బాగానే ఉంది. కానీ అక్కడి నుంచి ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు అంటే ఆ 50 వేలు మిగలవని వదిలేశాం. చివరకు నల్లగొండలో ఒక రిటైరైన టీచరు గారి బండి దొరికింది. ఏపీ 24 నంబరు, తెలంగాణ రాకముందుది. మీటరు 81 వేల కిలోమీటర్లు చూపిస్తోంది, బ్రేక్ పెడల్ రబ్బరు అరుగుదల దానికి సరిపోయింది. లోను ఎప్పుడో తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉంది. ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ చేతికి వచ్చేదాకా నేను మిగతా డబ్బు ఇవ్వనివ్వలేదు. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ వదలకండి.

"పాత బండి తెచ్చినమమ్మా" అంటే మా అమ్మ "పాతదైతేంది బిడ్డా, మనం మాత్రం కొత్తోళ్ళమా" అంది.

అమ్మ జడ్చర్ల దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటుంది. తమ్ముడిది హైదరాబాద్‌లో రెండు గదుల కాపురం. మా ఊరి నుంచి హాలియా, కొండమల్లేపల్లి, కల్వకుర్తి మీదుగా జడ్చర్ల దాకా ఒకటే రోడ్డు, 167 నంబరు జాతీయ రహదారి. మ్యాపులో చూస్తే అత్తింటికీ పుట్టింటికీ ఎవరో దారం కట్టినట్టుంటుంది. కానీ బస్సులో పోతే రెండుసార్లు దిగి ఎక్కాలి, చేరేసరికి అన్నం వేళ దాటుతుంది.

బండి కొన్న మొదటి ఏడాది నేను పక్క సీటు మనిషినే. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు. వడ్ల సీజన్‌లో ఆదివారం కూడా ఉండదు. ఆయనకు తీరినప్పుడే అమ్మకు డాక్టరు. అమ్మ రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, పాలమూరు పోవాలంటే ఎవరి ఆటో కోసమో చూడాలి. చూసి చూసి పోవడమే మానేసింది. ఒకసారి నేను పోయినప్పుడు మాత్రల సంచి విప్పితే షుగర్ మాత్రలు లేవు. ఎప్పుడు అయిపోయాయంటే "బతుకమ్మ అప్పుడు" అంది. అప్పటికి సంక్రాంతి దాటింది.

నలభై రెండేళ్ళకు ఎల్ఎల్ఆర్ తీసుకున్నాను. నేర్పిన అబ్బాయి మా పెద్దోడి కంటే రెండేళ్ళు పెద్ద. "ఆంటీ, పాలు పొంగేటప్పుడు స్టవ్ మెల్లగ తగ్గిస్తరు చూడండి, క్లచ్ గట్లనే వదలాలె" అన్నాడు. ఆ మాటతో నాకు క్లచ్ వచ్చేసింది. రివర్స్‌కు మాత్రం ఏ వంటింటి పోలికా పనిచేయలేదు, మెడ నొప్పి పెట్టేదాకా తిప్పితే వచ్చింది.

ఈ రోడ్డు మీద ఈ రకం బండికి పెద్ద శత్రువు స్పీడ్ బ్రేకరు. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీ నిండా సామానుంటే ఊళ్ళలో వేసిన ఎత్తు దిమ్మల మీద బండి కడుపు గీరుకుంటుంది. ఆ చప్పుడు నా వీపు మీదే గీరినట్టుంటుంది. పిల్లల్ని దింపి దాటించిన రోజులున్నాయి. కోతలప్పుడు రోడ్డులో సగం వడ్లే. ఆరబోసి చుట్టూ రాళ్ళు పెడతారు, చీకట్లో అవి కనిపించవు. అందుకని ఆ నెలల్లో పొద్దుగూకేలోపు ఇల్లు చేరేట్టు బయల్దేరతాను. తిడదామన్నా నోరు రాదు, ఆ వడ్లే మిల్లుకొచ్చి మా ఇంటి జీతమవుతాయి. దసరా రోజుల్లో మాత్రం తిరుగు ప్రయాణం నాకు పండగ. సీతాఫలాల్లో పేరుమోసిన బాలానగర్ రకం మా జడ్చర్ల అవతలి ఊరిదే. డిక్కీ నిండా వేసుకొస్తే రెండు రోజులు బండంతా అదే వాసన.

2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయ్యాక ఇంట్లో కొత్త వాదన. కారులో పోయి రావాలంటే డీజిలుకే 1800 దాకా అవుతుంది. "ఫ్రీ బస్సుండంగ కారెందుకు?" అంటుంది అత్తమ్మ. ఆమె మాటలో తప్పేం లేదు. ఒక్కదాన్నే ఏ పెళ్ళికో పోయేటప్పుడు నేనూ జీరో టికెట్టే తీసుకుంటా, బస్సులో ముచ్చట్లు వినడం నాకిష్టం కూడా. కానీ మోకాళ్ళు వంగని మనిషికి బస్సు మెట్టు ఫ్రీ అయితే ఏంటి, కాకపోతే ఏంటి.

మొన్న డిసెంబరులో మా ఆయన నోటుబుక్కు తీశారు. టైర్లు నాలుగు, బ్యాటరీ, ఇన్సూరెన్స్, ఇప్పుడు క్లచ్ ప్లేటు. ఒక్క ఏడాదిలో 46 వేలు. "2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18కి దిగింది. కొత్తవే చౌకైతే పాతది ఎవరడుగుతరు? 2028కి పదిహేనేళ్ళు నిండితే మళ్ళీ రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్. ఇప్పుడైతే లక్షన్నర వస్తది, అమ్మేద్దాం" అన్నారు. లెక్క సరిగ్గానే ఉంది. ఆయన లెక్కలు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి.

నేను పోయి బండి అరలోంచి నా చిన్న డైరీ తెచ్చి ఆయన నోటుబుక్కు పక్కన పెట్టాను. ఏ తారీఖున పోయాను, ఆ రోజు అమ్మ షుగర్ ఎంత, డాక్టరు ఏ మాత్ర మార్చాడు, అంతే రాసుకుంటా అందులో. మూడేళ్ళలో 31 సార్లు. మొదటి పేజీలో 340, చివరి పేజీలో 160. ఆయన పేజీలన్నీ తిప్పారు.

"షుగర్‌కి, క్లచ్ ప్లేటుకి లెక్క ఎట్ల కలుపుతవ్?"

"నాకు రాదు. మీకే రావాలె."

ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు మెకానిక్‌కు ఫోన్ చేసి క్లచ్ ప్లేటు తెప్పించమన్నారు. అమ్మకం మాట పోయిందనుకోను, 2028కి జరిగింది.

అమ్మ విషయంలో నేను అనుకోనిది ఒకటి జరిగింది. ఇదివరకు ఎన్నిసార్లు పిలిచినా మా ఇంటికి వచ్చేది కాదు. వస్తే మళ్ళీ పంపేది ఎప్పుడో, ఎవరికి తీరినప్పుడో. అల్లుడి ఇంట్లో ఉండి "నన్ను దింపండి" అని అడగడం ఆమెకు చచ్చేంత సిగ్గు. ఇప్పుడు నన్ను అడిగితే చాలు. అందుకని వస్తోంది. మొదటిసారి మూడు రోజులుంది. ఈ సంక్రాంతికి తొమ్మిది రోజులుంది. పదో రోజు పొద్దున్నే తల దువ్వుకొని, చేతిసంచి పట్టుకొని గడపలో నిలబడి "బండి తియ్యి బిడ్డా" అంది. మడత కుర్చీ, సకినాల డబ్బా, తమ్ముడి పిల్లల కోసం అత్తమ్మ కట్టిన అరిసెలు, ఒక బియ్యం సంచి డిక్కీలో సర్దాను. వెనక సీటులో కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఇంకా హాలియా కూడా రాలేదు, "కల్వకుర్తిల ఆపు, చాయ్ తాగుదాం" అంది.