కుడితిలో కలిసే ఆరోగ్యం

చిలకలూరిపేట దాటి ఒంగోలు వైపు వెళ్తుంటే జాతీయ రహదారి మీద తగులుతుంది మార్టూరు. చుట్టూ పత్తి, మిరప చేలు. గ్రానైట్ పలకలు కోసే ఫ్యాక్టరీల రొద. సాగర్ కుడి కాలువకు నీళ్లొచ్చిన ఏడు వరి కూడా పచ్చగా కనిపిస్తుంది. ఈ పల్లెల్లో తవుడు ఎందుకని అడిగితే 'గేదెల కుడితికి' అంటారు. మరి మనుషులకు?

ఆ మాట తెలియకే ఒకప్పుడు ఈ కోస్తాలో ప్రాణాలు పోయాయి. ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్న మార్టూరు 1970 దాకా గుంటూరు జిల్లాలోదే. గుంటూరు నుంచి గంజాం దాకా ఉన్న తీరాన్ని తెల్లదొరలు ఉత్తర సర్కారులనేవారు. కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు ఉబ్బి, చివరకు గుండె మీదికొచ్చే బెరిబెరి జబ్బుకు అది పెట్టింది పేరు. 1835లోనే మాల్కంసన్ అనే వైద్యుడు దీని మీద మద్రాసులో ఓ గ్రంథం అచ్చు వేయించాడు. అసలు గుట్టు మాత్రం 1890ల్లో జావాలో బయటపడింది. పాలిష్ బియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోయి కూలబడటం, తవుడు పెడితే లేచి తిరగడం డచ్చి డాక్టరు ఐక్‌మన్ చూశారు. ఆయనకు 1929లో నోబెల్ వచ్చింది. తవుడులో ఉన్నది బి1 విటమిన్ అని తర్వాత తేలింది. పొరుగున తమిళులు ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడికేటప్పుడు ఆ విటమిన్ గింజలోకి ఇంకుతుంది కాబట్టి బతికిపోయారు. మనకేమో తెల్లటి పచ్చిబియ్యమే ముద్దు!

వంద కిలోల వడ్లు మర ఆడిస్తే సుమారు 20 కిలోల ఊక, 8 కిలోల తవుడు వస్తాయి. తవుడులో 15 నుంచి 20 శాతం నూనే. చిక్కల్లా ఏమిటంటే... గింజ నుంచి విడిపోయిన క్షణం నుంచే అందులోని ఎంజైము నూనెను పాడుచేయడం మొదలుపెడుతుంది. వెంటనే వేడిచేసి ఆ ఎంజైమును చంపాలి. లేదా త్వరగా నూనె తీసేయాలి. ఊకా తవుడూ కలిసి పడే పాతకాలపు చిన్న మిల్లుల సరుకు అందుకే పశువులకే పోతుంది.

తవుడు నూనె కొలెస్టరాల్‌ను తగ్గిస్తుందా అన్నది హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 1980ల్లోనే పరీక్షించి, తగ్గిస్తుందని చెప్పింది. ఎంజైములతో ఈ నూనెలోని జిగురు తీసే పద్ధతిని అదే నగరంలోని ఐఐసీటీ రూపొందించింది. ఇందులో ప్రత్యేకంగా ఉండేది ఒరైజనాల్. అయితే క్షారంతో శుద్ధిచేస్తే అందులో చాలాభాగం సబ్బుమడ్డితో పాటు కొట్టుకుపోతుంది. కాబట్టి డబ్బా మీద గుండె బొమ్మ చూసి మురిసిపోకుండా ఒరైజనాల్ ఎంతుందో చదవండి. ఎంత మంచిదైనా నూనె నూనే, చెంచాలు లెక్కపెట్టుకోవాల్సిందే. నూనె తీసిన తవుడు కోళ్లకు, చేపలకు మేత. అందులోని పీచు మనకూ పనికొస్తుంది.

అన్నట్టు, సన్నబియ్యానికి మారుపేరైన సాంబ మసూరి, బీపీటీ 5204, బాపట్లలో పుట్టిందే. 1986లో విడుదలైంది. దాన్ని మల్లెపువ్వులా తెల్లబరచమని మిల్లులో పోరేదీ మనమే. అలా కాకుండా 'సింగిల్ పాలిష్ చాలు' అనొచ్చు. అలాగని గేదెల కోసం తెచ్చిన తవుడును పిండిలో కలపకండి. అందులో దుమ్ము, రాళ్లు ఉంటాయి, నూనె కూడా ముక్కి ఉండొచ్చు. పాలిష్ తగ్గించిన బియ్యమూ నెలకు సరిపడానే తెచ్చుకోండి. పైపొర ఉన్న గింజకు పురుగు తొందరగా పడుతుంది.