చెక్కకు చోటు వదలాలి

మెదక్‌లో మాది వడ్లోళ్ల ఇల్లు. తాత మొగరాలు నిలబెట్టి, నల్లమద్ది దూలాలు ఎత్తి, దంతెలు పరిచి, పై అంతస్తుకు టేకు పలకలు కొట్టేవాడు. స్లాబులొచ్చాక ఆ పని పోయింది. బాపు దర్వాజలు, కిటికీలతో ఇల్లు నడిపాడు. ఇప్పుడు నేను, తమ్ముడు, నా కొడుకు కలిసి హైదరాబాద్ ఫ్లాట్లలో చెక్క ఫ్లోరింగ్ వేస్తున్నాం. గాడి, నాలుక మిషన్ మీద కోసిన పలకలే పెట్టెల్లో వస్తుంటే మీరు చేసేదేముంది, బిగించడమే కదా అంటారు. ఆ బిగించడం ఎంతవరకో తెలియడమే మా పని.

బాపు నన్ను మా ఊరి చర్చికి తీసుకెళ్లి నేల చూపించేవాడు. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన చర్చి అది. ఆరు రంగుల టైల్స్ బ్రిటన్ నుంచి తెప్పించి, ఇటలీ మేస్త్రీలతో పరిపించారు. "అతుకు చూడు బిడ్డా, ఎంత దగ్గరగ కూసుందో. కని చెక్కను గట్ల బిగిస్తే ఊకోదు" అనేవాడు.

వానాకాలం చెక్క తేమ తాగి పెరుగుతుంది. ఎండాకాలం తగ్గుతుంది. టేకు పలకైతే పొడవులో కదలిక లెక్కలోకి రాదు, వెడల్పులోనే అంతా. లామినేట్ రెండు వైపులా సాగుతుంది. అందుకే గోడల వెంట చుట్టూ 10 మిల్లీమీటర్ల సందు వదలాలి. చీలలు పెట్టి పలకలు పరచి, అయ్యాక చీలలు తీసి, సందును స్కర్టింగ్‌తో మూయాలి. స్కర్టింగ్ మేకు గోడకే పడాలి. పలకలో దిగిందా, సందు వదిలీ దండగే.

నాకు పేరు తెచ్చింది ఆ సందే. ఎవరో ఎండాకాలంలో వేసి వెళ్లిన ఫ్లోరింగ్ వానలకు హాలు నడుమ ఉబ్బింది. అంతా పీకి కొత్తది వేయాలని ఓనరుకు ఇద్దరు ముగ్గురు చెప్పారట. నేను స్కర్టింగ్ ఊడదీసి చూస్తే పలకలు గోడను తన్ని ఉన్నాయి. గోడ వెంట సన్నగా కోసి సందు చేసి వచ్చేశాం. వారం తిరిగేసరికి నేల దానంతటదే కూర్చుంది. ఆ ఓనరు చెప్పి పంపిన ఇళ్లే ఆ ఏడాదంతా మాకు అన్నం పెట్టాయి.

నేర్చుకునేవాళ్లు ముందు నేలను చదవాలి. ఆరడుగుల బద్ద పెట్టి చూడండి. కింద 3 మిల్లీమీటర్ల కన్నా ఎక్కువ వెలుతురు కనిపిస్తే లెవెల్ చేయకుండా పలక దించొద్దు, తర్వాత అడుగడుగుకీ కిర్రుమంటుంది. పాలిథిన్ ముక్కను నేలకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. లోపల చెమ్మ పట్టిందంటే స్లాబు ఇంకా ఆరలేదు. పెట్టెలు తెచ్చిన రోజే విప్పకండి. రెండు రోజులు ఆ గదిలోనే పడుకోబెట్టండి.

మొదటి వరస వేసే ముందే చివరి వరస లెక్క చూసుకోండి. గోడ దగ్గర రెండంగుళాల లోపు పీలిక మిగిలేటట్టుంటే మొదటి పలకనే వెడల్పు తగ్గించి కోయాలి. వరసకూ వరసకూ అతుకు కనీసం అడుగు జరగాలి. సుత్తె పలక మీద నేరుగా పడకూడదు. నడుమ ముక్క పెట్టి కొట్టాలి.

దర్వాజ దగ్గరే మేస్త్రీ బయటపడతాడు. చాలామంది చౌకట్టు ఆకారానికి పలకను కోసి, సందులో లప్పం పూస్తారు. మా కాక అలా ఒప్పుకునేవాడు కాదు. ఫోమ్ షీట్ మీద పలక ముక్క పెట్టి, దానిమీద రంపం పడుకోబెట్టి చౌకట్టు అడుగునే కోసేవాడు. పలక దాని కిందికి జారిపోతుంది. అతుకు కనబడదు, లప్పం అక్కర్లేదు. ఆ కోత నాకు ఆయనే నేర్పాడు, నా కొడుక్కి నేను నేర్పాను.

ఓనర్లకు ఒక మాట. బకెట్‌తో నీళ్లు కొట్టి కడగకండి, పిండిన బట్టతో తుడవండి. నేర్చుకునే పిల్లలకూ ఒక మాట. రేపటికల్లా కావాలని తొందరపెట్టే చోట, నేల ఆరకపోతే అడ్వాన్స్ వాపస్ ఇచ్చి వచ్చేయండి. పోయిన పని మళ్లీ వస్తుంది, పోయిన పేరు రాదు.