ప్రాజెక్టు వర్కుకి డబ్బుల్లేవని బడి మానకూడదు



వేసవి సెలవుల్లో మేము ఆరుగురం డిగ్రీ చదువుతున్నవాళ్ళం పాడేరు వైపు మూడు ఊళ్ళలో చిన్నపిల్లలతో నెల రోజులు గడిపాం. లెక్కలు, ఇంగ్లీషు చెబుదామని వెళ్ళాం. అవీ చెప్పాం గానీ, ఎక్కువ చేసింది మాత్రం బొమ్మలే. ఎందుకలా అయ్యిందో, ఏమేం చేశామో రాస్తున్నాం. మీ ఊళ్ళో చెయ్యాలనుకునేవాళ్ళకి పనికొస్తుంది. పొడవుగా ఉంది, ఓపిగ్గా చదవండి.

వెళ్ళిన రెండో రోజే ఒకమ్మ చెప్పింది, ఏడో తరగతి చదివే వాళ్ళబ్బాయి పరీక్షల ముందు నాలుగు రోజులు బడికి వెళ్ళలేదని. జ్వరమా అని అడిగితే కాదంది. వాడే నెమ్మదిగా అన్నాడు: "మాస్టారు ప్రాజెక్టు తెమ్మన్నారు అన్నా. చార్టు, థర్మకోలు, రంగులు కొనాలి. నాన్న సంతకి వెళ్ళినప్పుడు చూద్దామన్నాడు." సంత వారానికి ఒకటే. మధ్యలో వెళ్ళాలంటే జీపు ఛార్జీలు వేరే. అన్నీ కలిపితే చింతపండు అమ్మిన డబ్బుల్లోంచి వంద, నూటయాభై తియ్యాలి. ఇవ్వలేక కాదు, అదే డబ్బుకి ఉప్పు, నూనె, కిరాయి అన్నీ ఎదురుచూస్తుంటాయి. ఖాళీ చేతుల్తో వెళితే అందరి ముందూ నిలబెడతారు. అందుకని వాడు బడే మానేశాడు.

ఇలాంటివాళ్ళు మన ఊళ్ళలో ఎంతమంది ఉంటారో మీ అందరికీ తెలుసు. మనలో కొందరం అలా మానినవాళ్ళమే. బడి మానడం ఒక్కసారిగా జరగదు, ఇలా నాలుగేసి రోజులుగా మొదలవుతుంది. అందుకే బొమ్మల పనిని మేము ఆటవిడుపుగా చూడలేదు.

ముందుగా ఒక పని పెట్టాం. ఎవరింట్లో వాళ్ళు వెతికి, పారేసే వస్తువులు పది తేవాలి. కొనకూడదు, అడక్కుండా తేకూడదు. మర్నాటికి అరుగంతా నిండిపోయింది. అరిగిపోయిన కొండచీపుళ్ళు, చింతపిక్కలు, పాత చీర ముక్కలు, అగ్గిపెట్టెలు, పగిలిన గాజులు, ఎండిన ఆనపకాయ బుర్ర, అంగన్‌వాడీలో గుడ్లొచ్చిన అట్ట ట్రేలు. పగిలిన గాజులు పక్కన పెట్టించాం, చేతులు కోసుకుంటాయని. మిగతావన్నీ పనికొచ్చాయి. మేము కొన్నది సూదులు, దారం, సైకిల్ షాపులో దొరికే వాల్వు ట్యూబు, అంతే. యాభై రూపాయలు కూడా అవ్వలేదు.

మొదటిది చీపురు కాడలతో. అగ్గిపుల్లంత లావున్న కాడల్ని వేలెడు ముక్కలుగా కత్తిరించాలి. వాల్వు ట్యూబుని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి రెండు వైపులా రెండు కాడలు దూర్చాలి. అలా మూడు కాడలు కలిపితే త్రిభుజం, నాలుగు కలిపితే చతురస్రం. చతురస్రాన్ని వేలితో నొక్కితే పక్కకి ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. నాలుగు కాడల దానికి మూల నుంచి మూలకి ఇంకో కాడ పెడితే అదీ గట్టిపడుతుంది. "మనింటి పైకప్పు వాసాలు ఎందుకలా కట్టారో ఇప్పుడు చెప్పండి" అని అడిగితే, ఐదో తరగతి పిల్ల లేచి వాళ్ళింటి కప్పు చూపించింది. ఈ ఉపాయం మాది కాదు. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా గారు 1970ల్లో మధ్యప్రదేశ్ హోషంగాబాద్ పల్లె బళ్ళలో పనిచేసినప్పుడు అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబుతో చేసినది. 2018లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. చెత్తతో బొమ్మలు చెయ్యడం మీద ఆయన వీడియోలు ఉచితంగానే దొరుకుతాయి.

రెండోది జిగురు. కొన్న జిగురు డబ్బా రెండు రోజుల్లో అయిపోతుంది. చింతపిక్కలు వేయించి, నానబెట్టి, పైతొక్క తీసి, మెత్తగా రుబ్బి, నీళ్ళు పోసి ఉడకబెడితే చిక్కటి జిగురు వస్తుంది. కొండపల్లి బొమ్మల భాగాలు అతికించే మక్కు కూడా చింతపిక్కల పిండి, రంపంపొట్టు కలిపి చేసేదే. ఇది పిల్లలకి చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాల్సింది. అంత పేరున్న బొమ్మల్లో ఉన్నది మనింటి చింతపిక్కే అని తెలిసింది కదా.

ఆ జిగురుతోనే గుడ్ల ట్రేలు కత్తిరించి, వరసకి ఏడు చొప్పున రెండు వరసలు అతికించి, వామనగుంటల పీట చేశారు. అష్టాచెమ్మాకి గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కల్ని ఒకవైపు బండ మీద అరగదీస్తే చాలు. నాలుగూ తెల్లగా పడితే నాలుగు, నాలుగూ నల్లగా పడితే ఎనిమిది. నూరుసార్లు వేసి ఏది ఎన్నిసార్లు పడిందో రాయమన్నాం. పెద్ద తరగతుల్లో సంభావ్యత అనే పాఠం భయపెడుతుంది కదా, దాన్ని వీళ్ళు ఆటలోనే చూసేశారు.

మూడోది రంగులు. బొగ్గుతో నలుపు, ఎర్రమట్టితో ఎరుపు, బియ్యప్పిండితో తెలుపు. పసుపు నీళ్ళు పూసి ఆరబెట్టిన కాగితం మీద సబ్బు నీళ్ళతో గీస్తే ఎర్రటి గీత పడుతుంది. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపు. ఆమ్లం, క్షారం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? వెదురు పుల్ల చివర నమిలి పీచు చేస్తే అదే కుంచె. మహారాష్ట్రలో వార్లీ వాళ్ళు బియ్యప్పిండి నీళ్ళతో, ఇలాంటి వెదురు కుంచెతోనే ఆ బొమ్మలన్నీ వేశారు.

ఇక్కడ ఒక మాట. సవరల గోడబొమ్మ వెయ్యమని ఒకరిద్దరు పిల్లలు అడిగారు, ఫోన్లో చూశారట. మేము వెయ్యించలేదు. అది పెద్దల ఆత్మలకి సంబంధించినది, ఇంటి పూజతో కలిసినది. చార్టు మీద అలంకారంగా గీసేది కాదు. ఎవరి ఆచారం బొమ్మ అయినా ముందు ఆ ఇంటి పెద్దల్ని అడగండి. చెట్లు, కోళ్ళు, సంతకి నడిచే మనుషులు, ఇవి ఎంతైనా గీసుకోవచ్చు.

జాగ్రత్తలు కూడా రాయాలి. దండలు గుచ్చడానికి గురివింద గింజలు వాడనివ్వకండి. నమిలితే ప్రాణం మీదకొస్తుంది. ఆముదం గింజలూ అంతే. కత్తి పని పెద్దపిల్లలే చెయ్యాలి. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళు ఉండాలి. ఆసుపత్రి చెత్తలోంచి ఏదీ తేనివ్వొద్దు.

మూడో వారానికి మేము చెప్పడం తగ్గిపోయింది, ముసలివాళ్ళు చెప్పడం ఎక్కువైంది. ఒక నాయనమ్మ అడ్డాకులు కుడుతూ చిన్నపిల్లలకి దొప్ప ఎలా మడవాలో చూపించింది. మూడు పుల్లలతో ఆకు జారకుండా ఎలా నిలుస్తుందో మాకూ అప్పుడే తెలిసింది. ఒక తాత ఎండిన ఆనపకాయ బుర్ర లోపల ఎలా శుభ్రం చెయ్యాలో చెప్పాడు. వాళ్ళు ఒక్కో వస్తువుకి కువిలో, ఆదివాసీ ఒడియాలో పేర్లు చెబుతుంటే పిల్లలు తెలుగు అక్షరాల్లో చీటీల మీద రాసి అతికించారు. హాస్టల్లో పెరిగిన మనలో చాలామందికి ఆ పేర్లు సగం తెలీవు. మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకి పంపేస్తే, ఆ నాయనమ్మ చేతిపని ఆ పిల్ల ఎప్పుడు చూస్తుంది?

బడి తెరిచాక ఆ ఏడో తరగతి పిల్లవాడు, ఇప్పుడు ఎనిమిది, చీపురు కాడల ఇల్లు పట్టుకెళ్ళాడు. సైన్సు మాస్టారు దాన్ని బల్ల మీద పెట్టించి, త్రిభుజం సంగతి వాడిచేతే తరగతికి చెప్పించారట. ఇంకో బడిలో ఒక పిల్ల తీసుకెళ్ళిన ట్రే పీటని "ఇదేం చెత్త, చార్టు తీసుకురా" అని వెనక్కి పంపారు. రెండూ జరిగాయి, రెండూ చెబుతున్నాం.

అందుకే పిల్లలకి నేర్పడంతో పని అయిపోదు. బడికి వెళ్ళి మాట్లాడాలి. 2020 జాతీయ విద్యా విధానంలో 6 నుంచి 8 తరగతుల పిల్లలకి పది రోజులు పుస్తకాల సంచి లేకుండా, ఊళ్ళో వడ్రంగి, కుమ్మరి, తోటపనివాళ్ళు, కళాకారుల దగ్గర పని నేర్పించాలని రాసుంది. ఆ పది రోజులకి మన ఊళ్ళో బుట్టలు అల్లే మావయ్యని, అడ్డాకులు కుట్టే నాయనమ్మని పిలవమని హెడ్‌మాస్టారుని అడగొచ్చు. ప్రాజెక్టుకి కొన్న సామానే తేవాలని పట్టుబట్టొద్దని తల్లిదండ్రుల సమావేశంలో అడగొచ్చు. మర్యాదగానే అడుగుదాం, కానీ నలుగురం కలిసి వెళ్ళి అడుగుదాం. ఒక్క తల్లి వెళితే మాట వినిపించుకోరు.

దసరా సెలవులకి ఇంకో నాలుగు ఊళ్ళకి వెళ్ళాలనుకుంటున్నాం. చింతపల్లి, హుకుంపేట, అరకు వైపు వాళ్ళు ఎవరైనా వస్తామంటే చెప్పండి. రానివాళ్ళు మీ ఇంట్లోనే మీ తమ్ముడితో, చెల్లితో మొదలెట్టండి. ఈలోపు పాత చీపురు మాత్రం పొయ్యిలో పెట్టనివ్వకండి.