రేపటి చందా

మైపాడు ఒడ్డున పుట్టినవాణ్ని. కడివెడు మంచినీళ్ల కోసం మా ఆడవాళ్లు ఎంత దూరం నడిచేవారో ఎరుగుదును. అందుచేత, 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా అయిదు టి.ఎం.సి.ల కృష్ణ నీరు చెన్నపట్నానికి చందా వేయడాన్ని నేను తప్పు పట్టను. నెల్లూరువాళ్లం చదువుకూ, వైద్యానికీ ఆ ఊరి రైలే ఎక్కాము గదా!

నా తగువల్లా లెక్కతో. తెలుగుగంగ చందా పదిహేను. దారిలో ఆవిరికీ, ఇంకుడికీ మూడు పోను సరిహద్దులో ముట్టవలసింది పన్నెండు. మొదటి నీరు పూండి చెరువు చేరేసరికి 1996 వచ్చింది. సరే, రేపటి మాటేమిటి? కృష్ణ ఎండిన ఏడు, పైవాళ్లు తమ అయిదూ నదిలోనే వదిలామనవచ్చు. శ్రీశైలం నుంచి కండలేరు మీదుగా సరిహద్దు దాకా పంపవలసిన పూచీ ఆంధ్రది. 2014 తరువాత, ఆంధ్ర అయిదులో తెలంగాణ వంతెంత అన్న ప్రశ్న కూడా వచ్చి పడింది. కాగితం మీద దాతలు పెరిగారు, నీరు పెరగలేదు.

ఆమధ్య వెంకటగిరి బస్సులో పోతూ, కాలువ గట్టున ఎవరో రైతు పెట్టిన మోటారు చూసి "దొంగతనం" అన్నాను. పక్కనున్న ముసలాయన నావైపు తిరిగి, "కండలేరు కట్టేటప్పుడు మా వూరు మునిగింది నాయనా. అది ఎవురి చందాలో రాసినారు?" అన్నాడు.

దిగేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.